కంప్యూటరు పాలనలో మన పేర్లు
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రభుత్వం - కంప్యూటరు - ప్రజాసేవ" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మేము పిల్లలకు ఉర్దూలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. కంప్యూటరు శాస్త్రం మా విద్య కాదు. అయితే ఆ యంత్రం ముందు మనవాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో బడిలో రోజూ చూస్తూనే ఉన్నాము గనుక, ఆ మేరకు మాట్లాడతాము.

ముందు మేలు చెప్పుకోవడం న్యాయం. ఒక ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీలు కచేరీకి ఎన్నిసార్లు తిరిగేవారో పెద్దలకు జ్ఞాపకమే. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో "కార్డ్" అనే పద్ధతి పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసులలో కంప్యూటర్లు ప్రవేశపెట్టారు. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు వచ్చి, కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కిటికీ దగ్గర కట్టే వీలు కలిగింది. 2011లో మీ-సేవ వచ్చింది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2 నుండి గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30 నుండి "మన మిత్ర" పేరున వాట్సాప్‌లోనే 161 సేవలతో మొదలైన ఏర్పాటు. ఇంట్లో కూర్చుని ఫోనులో దరఖాస్తు పెట్టుకోవచ్చునంటే మా తాతగారు నమ్మేవారు కారు. దళారీ చేతిలో పడే పైసలు చాలావరకు మిగిలినవి. ఇది చిన్న మేలు కాదు.

పట్టణాల సంగతి కూడా ఉంది. 2015లో కేంద్రం తలపెట్టిన స్మార్ట్ సిటీల పథకంలో దేశం మొత్తం మీద 100 నగరాలను ఎంచుకున్నారు. మన వైపు విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి. 2025 మార్చితో ఆ పథకం ముగిసింది. కెమెరాలు, కంట్రోలు రూములు వచ్చాయి, సంతోషమే. మురుగు కాలువ పూడిక మాత్రం ఇంకా మనిషి వచ్చి తీస్తేనే పోతుంది లెండి.

ఇక అసలు సంగతి. యంత్రానికి మనిషి తెలియడు, అక్షరాలే తెలుసును. పాత గుమాస్తా అయితే "నువ్వు ఫలానా దర్జీ కొడుకువేగా" అని కాగితం తీసుకొనేవాడు. యంత్రానికి ఆ ఎరుక లేదు. ఒక్క అక్షరం తేడా వస్తే ఇద్దరు మనుషులంటుంది. ఈ ఇబ్బంది అందరికీ ఉన్నా, మనకు ఎక్కువ. ఎందుకంటారా? ముహమ్మద్ అనే పేరు ఉర్దూలో నాలుగే అక్షరాలు: మీమ్, హే, మీమ్, దాల్. జేర్, జబర్, పేష్ వ్రాయడం మనకు అలవాటు లేదు. విన్నవాడు విన్నట్టు ఇంగ్లీషులో వ్రాస్తాడు. ఒకచోట పూర్తిగా, ఒకచోట ఎం-ఓ-హెచ్-డి, మరొకచోట ఎం-డి. షేక్ అనే మాటను ఎస్-కె అని రెండక్షరాలతో సరిపెట్టేవారున్నారు, చివర హెచ్ తగిలించేవారున్నారు. ఇంటిపేరు అని గడి పెడతారు. ఒకరు అందులో షేక్ అని, ఒకరు తండ్రి పేరు, మరొకరు ఏమీ వ్రాయకుండా వదిలేస్తారు. ఆడపిల్లల సంగతి సరేసరి: బడిలో సుల్తానా, ఆధార్‌లో బేగం, రేషను కార్డులో బీ.

మా ఎరుకలో ఒక అమ్మాయి ఉంది. చదువులో ముందుండే పిల్ల. ఉపకారవేతనం మంజూరైంది గాని డబ్బు చేతికి రాలేదు. బ్యాంకు పుస్తకంలో ఎస్-కె, ఆధార్‌లో షేక్. ఆమె తండ్రి ఆటో నడుపుతారు. బ్యాంకువారు ఆధార్ కేంద్రానికి పొమ్మన్నారు, అక్కడివారు బడి కాగితం తెమ్మన్నారు, మళ్ళీ బ్యాంకు. నాలుగు రోజులు బండి ఇంటి దగ్గరే నిలిచిపోయింది. ఆ నాలుగు రోజుల కిరాయి ఎవరిస్తారండీ?

అందుచేత కొన్ని నిబంధనలు తెలిసి ఉండాలి. ఆధార్‌లో పేరు దిద్దుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం, పుట్టినతేదీకి ఒక్కసారే. ఆ తరువాత పెద్ద కార్యాలయం దాకా పోవాలి. కనుక దుకాణంలో కుర్రవాడు టైపు చేస్తుంటే పక్కన నిలబడి ప్రతి అక్షరం చూసుకోండి, మొహమాటపడకండి. పిల్లలకు అయిదో ఏట ఒకసారి, పదిహేనో ఏట ఒకసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. పదో తరగతి నామినల్ రోలు వెళ్ళేలోగా బడి రిజిస్టరులో పేరు సరిచూసుకుంటే ఆ తరువాత యాతన ఉండదు.

జనన నమోదు ఇంకా ముఖ్యం. 21 రోజులలోగా అయితే రుసుము లేదు. మనలో ఏడోరోజు అఖీఖా చేసి పేరు పెట్టుకుంటాము. అంతలోపే ఆసుపత్రివారు పేరు లేకుండానే నమోదు చేసేస్తారు. ఆ గడి అలాగే ఖాళీగా ఉండిపోయిన ధ్రువపత్రాలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో! పన్నెండు నెలలలోగా పేరు ఉచితంగా చేర్పించవచ్చును; తరువాత రుసుముతో పదిహేనేళ్ళ వరకు వీలుంది. 2023లో సవరించిన చట్టం ప్రకారం, 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడి చేరికకు, ఓటుకు, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి పుట్టినతేదీ రుజువు ఆ ఒక్క కాగితమే.

ఇప్పుడు ప్రభుత్వానికి చెప్పవలసిన మాట. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు అరిగిపోయిన ఖాలాలున్నారు, సున్నం, సిమెంటులో చేతులు తిన్న మేస్త్రీలున్నారు. రేషను దుకాణంలో వారి వేలిముద్ర పడదు. పడకపోతే కనుపాప చూడాలి, అదీ కుదరకపోతే వేరే దారి చూపాలి. "రేపు రండి" అనేది దారి కాదు. పక్కనున్న తెలంగాణలో ఇంటికి పోయి చూడకుండా కంప్యూటరు లెక్కను బట్టి తీసివేసిన సుమారు 19 లక్షల రేషను కార్డులను మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చింది. అంటే యంత్రం కాదన్నా, మనిషి వెళ్ళి చూడాలి. ఆధార్ లేదని పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోకపోవడం కుదరదని 2018లో అదే కోర్టు చెప్పింది. ఎవరైనా కాదంటే ఈ మాట నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

ఇంకొకటి. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేశారు. మేము చూచిన కౌంటర్లలో మాత్రం ఉర్దూ దరఖాస్తు ఫారం కనబడలేదు. ఖురాన్ ధారాళంగా చదివే మా అమ్మగారి వయసు స్త్రీలు తెలుగు, ఇంగ్లీషు ఫారాల ముందు వేలిముద్ర మనుషులైపోతున్నారు. చదువు రాక కాదు, తమకు వచ్చిన చదువు అక్కడ చెల్లక. సంఘం తరపున కలెక్టరుగారికి ఈ విషయమై అర్జీ ఇవ్వాలని మా మనవి.

మన సంఘం ఏటా నోటు పుస్తకాలు, కుట్టుమిషన్లు పంచుతున్నది. అదంతా మంచిదే. దానితోపాటు నెలకొక ఆదివారం మసీదు వసారాలో ఒక బల్ల వేసుకుని కూర్చుందాము. కాలేజీ చదివే మన పిల్లలు నలుగురు వస్తే చాలు. రుసుము లేదు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు, మా పిల్లలకు కూడా; మీ ఫోను మీ చేతిలోనే ఉండాలి. వచ్చేటప్పుడు ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి నుండి తెచ్చిన స్టడీ సర్టిఫికెట్ ఒకే సంచిలో పెట్టుకుని రండి. అన్నీ పక్కపక్కన పరచి, ముందుగా అమ్మాయిల పేర్లు చూద్దాము.