రెల్లా, జమ్మా, తుంగా?



రామగుండం, గోదావరిఖని వైపు కాపురాలు చేసుకునే మనకు ఊరంటే బొగ్గు, షిఫ్టు సైరను, ఆరేసిన బట్టలమీద నల్లటి ధూళి. ఇక్కడ గడ్డి గురించి చెప్పేదేముందమ్మా అంటారేమో! సద్దుల బతుకమ్మనాడు పిల్లల్ని వెంటేసుకుని గోదారి ఒడ్డుకు వెళ్తాం కదా, ముందున్న గడ్డి ఏదో తెలిస్తే అడుగు ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది.

ఇవి ఒక వానకు మొలిచి ఒక ఎండకు చచ్చేవి కావు. పైన కోసినా, కాల్చినా లోపల వేరు బతికే ఉండి మళ్ళీ చిగురిస్తుంది.

ముందు కాడను రెండు వేళ్ళమధ్య దొర్లించండి. మూడు పలకలుగా తగిలితే తుంగ. శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని గడ్డి కుటుంబంలో చేర్చరు, మనం మాత్రం గడ్డి అనే అంటాం! పెరట్లో కొళాయి పక్కన మొలిచే తుంగను తవ్వితే చిన్న గడ్డలుంటాయి, నలిపితే మంచి వాసన. మూలికల కొట్లో తుంగముస్తలని అమ్మేవి అవే.

కాడ గుండ్రంగా ఉండి, చెరకులాగా కణుపులు తగిలితే రెల్లు కావచ్చు. ఆకు మధ్య తెల్లటి ఈనె ఉందా చూడండి. అంచు రంపమే, పిల్లల్ని దూయనివ్వకండి. వానలు తగ్గుముఖం పట్టాక తెల్లటి పట్టుకుచ్చుల్లా పూస్తుంది. గునుగూ అప్పుడే పూస్తుంది గాని దాని ఆకు వెడల్పు, అది గడ్డే కాదు. రెల్లు ఇసుక మేటలమీద పెరుగుతుంది. దాని మొదట్లో కాలు నిలుస్తుంది. దాటాక నీటి అంచు కోసుకుపోయి ఉండవచ్చు, చూసుకోవాలి.

ఈ రెల్లు చెరకుకు చుట్టమే. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో టి.ఎస్. వెంకట్రామన్ గారు రెల్లుతో చెరకును కలిపి పుట్టించిన రకం 1918లో వచ్చింది. అక్కడే ఈ జాతులమీద పనిచేసిన జానకీ అమ్మాళ్ గారికి 1977లో పద్మశ్రీ ఇచ్చారు. మన కాఫీలో చక్కెర వెనక ఒక ఆడమనిషి చదువుకూడా ఉందన్నమాట.

ఇక జమ్ము. దీన్ని మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మనిషికంటే ఎత్తు, ఆకు పట్టీలా పొడుగ్గా, నొక్కితే మెత్తగా ఉంటుంది. కాడ చివర గోధుమరంగు కండె నిలబడి ఉంటుంది. ఇది నిలవనీటి మొక్క. పైకి మోకాలిలోతే అనిపిస్తుంది, కింద బురద ఎంతో కాలు దిగాకగాని తెలియదు. పాత తవ్వకాల గుంతల్లో నీరు నిలిచినా ఇదే చేరుతుంది, అక్కడ అంచు దాటితే ఒక్కసారిగా లోతు. ఆ కండెల కోసం పిల్లలు దిగుతామంటారు. చెవి మెలేసైనా సరే, ఆపండి.

వట్టివేరు దుబ్బుగా పెరుగుతుంది. ఆకు నలిపితే చెప్పుకోదగ్గ వాసన రాదు, వాసనంతా వేరులోనే. ఆ వేరు నిలువుగా మూడు మీటర్లదాకా దిగి మట్టిని పట్టి ఉంచుతుంది. ఏటవాలు నేల కోసుకుపోకుండా దీన్ని నాటేది అందుకే. కుండలో వెయ్యడానికని ఒడ్డున దుబ్బు పెకలిస్తే ఆ ఒడ్డు గుల్లవుతుంది. కొట్లో కొన్నప్పుడు సన్నటి పీచువేళ్ళే ఉండాలి, గడ్డలు కనిపిస్తే అది వట్టివేరు కాదు. లేదంటే పాత డ్రమ్ములో ఇసుకమట్టి నింపి ఒక పిలక నాటండి, ఏడాదిన్నరకు వేరు తీసుకోవచ్చు. విత్తనాలకోసం వెతక్కండి, మన దక్షిణాదిలో పెంచే రకానికి పిలకలే గతి.