ముందు ఇల్లు కుదరనివ్వండి

పశువైద్య పట్టా పుచ్చుకుంటున్న మీ అందరికీ అభినందనలు. అయిదున్నరేళ్లు పేడలో, రక్తంలో, పరీక్షల్లో నలిగి ఇక్కడిదాకా వచ్చారు. మర్యాదలు ఇంతటితో చాలు, విషయానికి వస్తాను.

ఈ రంగం భవిష్యత్తు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పాల దిగుబడి గురించీ, గేదెల గురించీ మీ గురువులు నాకంటే బాగా చెప్పి ఉంటారు. నేను హైదరాబాదులో పెంపుడు జంతువుల వైద్యంతోనే జీవితం గడిపాను. చాలాకాలంగా నన్ను ఒక్క విషయం వేధిస్తోంది. కుందేలును ఇంటికి ఎప్పుడు తెచ్చుకోవాలి?

చిన్న విషయమనుకోకండి. మా చదువుల్లో కుందేలంటే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా. ఎన్ని వారాలకు రెండు కిలోలు తూగుతుంది, ఈతకు ఎన్ని పిల్లలు పెడుతుంది, అంతవరకే. మాంసానికి పెంచే కుందేలు మూడు నెలలు బతికితే ఎక్కువ. అపార్ట్‌మెంటులో పెరిగేది 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఆ ఏళ్లన్నీ ఎలా గడుస్తాయో నాకు నేర్పింది నా దగ్గరికొచ్చిన కేసులే.

విజయవాడ నుంచి వచ్చి ఐటీ ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి, ఇల్లు మారిన వారంలోనే తోడుగా ఉంటుందని కుందేలుపిల్లను కొనుక్కుంది. పొద్దున ఎనిమిదింటికి వెళితే రాత్రి పదింటికి రావడం. ఒకరోజు అర్ధరాత్రి దాన్ని తువాలులో చుట్టుకొని వచ్చింది.

"ఎప్పట్నుంచి తినడం లేదమ్మా?"

"తెలియదు సార్."

"పెంటికలు ఎప్పుడు వేసింది?"

"చూళ్లేదు సార్."

ఒళ్లు చల్లబడింది. నొప్పికి పళ్లు నూరుతోంది. పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగు చప్పుడే లేదు. వెచ్చబెట్టి, నొప్పికి మందిచ్చి, ఎక్స్‌రేలో పేగుకు ఏదీ అడ్డుపడలేదని చూసుకున్నాక, గడ్డిపొడి జావను సిరంజితో కొంచెం కొంచెంగా పట్టించాం. తెల్లవారుజామున చిన్న గట్టి పెంటికలు కొన్ని, వెంట్రుకకు దండ గుచ్చినట్టు ట్రేలో పడ్డాయి. ఆ పిల్ల వాటిని చూసి బావురుమంది. కుందేలు బతికింది. దాన్ని విజయవాడలో వాళ్లమ్మ దగ్గర ఉంచి, పనివేళలు కుదిరాక తెచ్చుకుంది.

కుందేలు పేగు కదులుతూ ఉండాలంటే పీచు పడుతూనే ఉండాలి. సగం రోజు మేత ముట్టకపోతే అత్యవసర కేసు కిందే లెక్క. వేటాడే జంతువులకు దొరక్కుండా బతకాల్సిన ప్రాణి గనక నలతను దాచుకుంటుంది. మేత ఎంత తగ్గిందో, ట్రేలో ఎన్ని పెంటికలున్నాయో పూటపూటా చూసేవాళ్లకే దాని జబ్బు దొరుకుతుంది. కొత్త ఇంటి వాసనలు, చప్పుళ్లు చాలు, భయంతో దాని పేగు ఆగిపోవడానికి.

అలాగని ఉద్యోగస్తులు కుందేలును పెంచకూడదని నేననను. అది తెల్లవారుజామున, సందెవేళ గెంతుతుంది, మధ్యాహ్నమంతా కునుకు తీస్తుంది. తొమ్మిదికి వెళ్లి ఆరింటికి వచ్చేవాళ్లకు చక్కగా కుదురుతుంది. ఈ నెల పగటి షిఫ్టు, వచ్చే నెల రాత్రి షిఫ్టు, ప్రాజెక్టు మారితే ఊరే మారాలి అనేవాళ్లతోనే దానికి ప్రాణాపాయం.

ఉద్యోగం, ఇల్లు రెండూ మారుతుంటే ముందు వాటిని కుదరనివ్వాలి. ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, కుందేలు కొరక్కుండా కరెంటు వైర్లు పైకి కట్టాలి. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చెవుల గుండా పోవాలి. 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం, మన ఎండలు 40 దాటుతాయి. అందుకే నేను దీపావళి టపాసుల మోత సద్దుమణిగాక కార్తీకంలో తెచ్చుకోమంటాను. అది చలికాలంలో ఇంటికి అలవాటుపడుతుంది, వేసవిలోగా మీకూ చల్లటి గది ఏర్పాటు చేసుకునే వ్యవధి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తెచ్చి, తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉండాలి. సంక్రాంతికి ఊరెళితే ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఇల్లు మారేవాళ్ల దగ్గర ఇప్పటికే కుందేలుంటే, సామాన్లన్నీ కొత్తింటికి చేరి, కూలీల రాకపోకలు ఆగాక చివర్లో తీసుకెళ్లమనండి. ముందు ఒక్క గదిలో ఉంచాలి. పాత ట్రే, అలవాటైన గడ్డి, దాని వాసన ఉన్న దుప్పటి. ఆ దుప్పటిని ఉతక్కూడదు. కొత్తింటికి మాసిన గుడ్డ ఏమిటని అమ్మలు కేకలేస్తారు, వేయనివ్వండి.

చివరి వరుసలో బాబులూ, ఆ ఫోన్లు జేబులో పెట్టండి, ఇది మీకోసమే. రేపు మీలో సగం మందికి మారుమూల మండలంలో పోస్టింగు వస్తుంది. దూడ అడ్డం తిరిగిందని అర్ధరాత్రి ఫోనొస్తే పరుగెత్తాలి. మొదటి జీతంతో కుందేలు కొనబోయేది మీరే, నాకు తెలుసు. ఆగండి. ఇంకో మాట, కుక్కకిచ్చే అమాక్సిసిలిన్‌ను కుందేలు నోట్లో వేయకండి. పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, కుందేలు ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషనుకు ముందు దాన్ని పస్తుంచకండి, అది వాంతి చేసుకోలేని జంతువు. పరీక్షలో మరిచిపోతే మార్కులే పోతాయి. ఇక్కడ మరిచిపోతే నేను ఊరుకోను.

కుందేలు మేతకు టిమోతీ ఎండుగడ్డి కొనలేనివాళ్లను, మందు కొట్టని చోట పెరిగిన గరికను నీడన ఆరబెట్టి వేయమనండి. కుందేలు కావాలని ఎవరైనా మీ సలహాకు వస్తే రంగు, జాతి సంగతులు తర్వాత. ఇల్లు ఎప్పుడు మారుతున్నారు, ఇంటికి ఎన్నింటికి చేరతారు, మీరు లేని పూట ట్రే ఎవరు చూస్తారు అని అడగండి. జవాబు రాకపోతే ఇప్పుడు వద్దని గట్టిగా చెప్పండి. అలిగి వెళ్లినా సరే, చెప్పండి. అయినా తెచ్చుకుని, అర్ధరాత్రి తువాలులో చుట్టుకొని వస్తే మాత్రం తిట్టకుండా తలుపు తీయండి.