దిగుబడి ఒక్కటే కొలబద్ద కాదు

(నంద్యాల-ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లెలో రైతులు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఎకరాకు ఎన్ని బస్తాలు? మన పల్లెల్లో ఇద్దరు రైతులు కలిస్తే ముందు అడిగే మాట ఇదే. అధికారుల లెక్కా ఇదే. బస్తాలు పెరిగితే సేద్యం బాగుందంటారు. ఆ బస్తాలు తీసిన రైతు అప్పు తీరిందా? ఆ నేల పదేళ్ల తరవాత కూడా అంతే పండిస్తుందా? ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. ఇవాళ అందరి నోటా 'సుస్థిర వ్యవసాయం' అనే మాట వినపడుతోంది. దాన్ని దేనితో కొలవాలి, ఎవరు కొలవాలి అన్నది మాట్లాడుకోవడానికే మేము మీ ముందుకు వచ్చాం.

రేపటి తరాల అవసరాలకు ఎసరు పెట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవాలని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. విత్తనాలకు దాచిన గింజలు తినకూడదని మన అవ్వలకు అంతకుముందే తెలుసు. నిర్వచనం తేలికే. కొలవడమే కష్టం.

మొదటి పద్ధతి, ఏళ్ల తరబడి ఒకే పొలాన్ని చూడడం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద ఒక ప్రయోగం నడిచింది. ఒక పక్క పాత పద్ధతి: వానాకాలం బీడు పెట్టి, రబీలో ఒక్క పంట. ఇంకో పక్క వెడల్పు బోదెలు, కాలువలు చేసి రెండు పంటలు. హెక్టారుకు పాత పద్ధతిలో సగటున ఒక టన్ను, కొత్త పద్ధతిలో ఐదు టన్నుల దాకా వచ్చాయి. కొట్టుకుపోయే మట్టీ తగ్గింది. మన పప్పుశనగ చేలూ నల్లరేగడే. ఒక్క ఏడాది దిగుబడి చూసి నేల సంగతి చెప్పలేమన్నదే ఇందులో మనకు పాఠం.

రెండో పద్ధతి, పలు అంశాలను కలిపి చూడడం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇందుకు 11 సూచికలు పెట్టింది. దిగుబడి విలువ అందులో ఒక్కటి మాత్రమే. నికర ఆదాయం, నేల, నీరు, ఎరువులు, పురుగుమందులు, కూలి రేటు, భూమి మీద హక్కు కూడా ఉన్నాయి. ఆ కొలబద్దను మన ఊరికి పెట్టి చూద్దాం.

నీరు: బచావత్ ట్రిబ్యునల్ కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీలు కేటాయించింది. అది కాగితం మీది అంకె. చివరి తూము కింద ఏ ఏడు ఎన్ని తడులు అందాయో రాసిపెట్టింది ఎవరు?

నేల: 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. వాటిలో సేంద్రియ కర్బనం చూడండి. 0.5 శాతానికి తక్కువుంటే నేల నీరసించినట్టే. ఒక్క కార్డుతో ఏమీ తేలదు. అదే పొలానికి కొన్నేళ్ల తేడాతో తీసిన రెండు కార్డులు పక్కపక్కన పెడితేనే కథ తెలుస్తుంది.

హక్కు: ఏడాది గుత్తకు చేసే రైతు ఆ చేనికి చెరువుమట్టి, పశువుల ఎరువు ఎందుకు తోలుతాడు? వచ్చే ఏడు ఆ చేను తనకు దక్కుతుందన్న నమ్మకమేది? 2019 సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం 11 నెలలకే. దానికీ భూయజమాని సంతకం కావాలి. కౌలుదారుకు భరోసా లేని చోట నేలకూ భరోసా లేదు.

కూలి: 2000 దశకంలో కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలల్లో బడికి పోవాల్సిన ఆడపిల్లలు పూలు సంకరం చేశారు. ఆ చేల దిగుబడి లెక్కల్లో ఆ పిల్లల చదువు నష్టం కనపడదు. అలాంటి సేద్యాన్ని సుస్థిరమని ఎట్లా అంటాం?

ప్రకృతి సేద్యం సంగతీ ఇంతే. 2024 నాటికి 60 లక్షల మంది రైతులను అందులోకి తెస్తామని 2018లో ప్రభుత్వం ప్రకటించింది. గడువు దాటింది, లక్ష్యం అందలేదు. మేము ఆ సేద్యానికి వ్యతిరేకం కాదు. పేర్లు నమోదు చేసుకున్న వాళ్లను లెక్కబెడితే చాలదంటున్నాం. వాళ్ల ఖర్చు తగ్గిందా, అప్పు తగ్గిందా, నేల కోలుకుందా అన్నవి కొలవాలంటున్నాం.

మిత్రులారా! ఈ పని ఎవరో వచ్చి చేయరు. ఊరికొక పుస్తకం పెడదాం. అందులో ఐదు గళ్లు చాలు: అందిన తడులు, నేల కర్బనం, ఖర్చులు పోను మిగిలింది, ఏడాది చివర అప్పు, కూలి రేటు. రాసే పని విద్యార్థులది. కార్డులు చదివి చెప్పే పని ఉద్యోగులది. నిజం చెప్పే పని రైతులది, కూలీలది. ఉగాదికి ఆ లెక్క రచ్చబండ దగ్గర చదువుదాం. ఐదేళ్లు తిరిగేసరికి మన సేద్యం నిలబడుతోందో, కుంగుతోందో మనకే తెలుస్తుంది. రేపు నీటి వాటా గురించి, గిట్టుబాటు ధర గురించి మాట్లాడేటప్పుడు మన చేతిలో ఆధారం ఉంటుంది.

లెక్క లేని చోట హక్కు నిలవదు. మన లెక్క మనమే రాసుకుందాం!