మస్టరు పట్టుకుని గడప గడపకూ

మిరప కోతలు ముగిసి, పత్తి చేలు ఖాళీ అయ్యాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కూలీల చూపు ఉపాధి పనుల మీదికి మళ్లుతుంది. చెరువులో పూడిక ఎంత తీశారు, డబ్బు ఎవరికి ముట్టింది అన్న లెక్క తేల్చేదెవరు? చాలావరకు ఆ కూలీల ఇళ్లలో పుట్టి చదువుకున్న కుర్రకారే.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఈ లెక్క తేల్చే పనిని, అంటే సామాజిక తనిఖీని, గ్రామసభ చేతిలో పెట్టింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2006లోనే మొదలుపెట్టి, 2009లో ఇందుకోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసింది. ఎంపికైన యువతీయువకులకు శిక్షణ ఇస్తారు. సొంత ఊరికి మాత్రం పంపరు. అక్కడ చుట్టరికాలు, మొహమాటాలు అడ్డొస్తాయి గనుక!

మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. "ఫలానా వారం పనికెళ్లావా అమ్మా? ఎంత ముట్టింది?" అని అడిగి రాసుకుంటారు. టేపు పెట్టి గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి కొలతల పుస్తకంతో సరిచూస్తారు. చనిపోయినవారి పేరున హాజరు పడి ఉంటే అక్కడే బయటపడుతుంది. గ్రామసభ అయ్యాక మండలంలో ప్రజావేదిక అనే బహిరంగ విచారణ. అధికారుల ఎదుట మైకు పట్టుకుని తేడాలు చదివి వినిపిస్తారు. నా దృష్టిలో అసలు చదువు అదే.

తప్పు పట్టుకున్నంత చురుగ్గా సొమ్ము రాబట్టడం మాత్రం జరగలేదు. ఇది ఉపాధి పనులకే పరిమితం కాదు; రేషన్ దుకాణాలకూ 2013 ఆహార భద్రతా చట్టం ఇలాంటి తనిఖీ విధించింది. ఉపాధి పనుల తనిఖీ బృందం మీ ఊరొస్తే జాబ్‌కార్డు, పాస్‌బుక్కు చూపించండి. గ్రామసభకు తప్పక వెళ్లండి.