నాబోతు ఊరి పెద్దలు ఏం చేశారు?

(సంఘం వార్షికోత్సవంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ కాలపు రాజకీయాలు, మన చరిత్ర, మన విశ్వాసం, ఈ మూడూ కలిపి మాట్లాడమన్నారు. ఎవరికి ఓటెయ్యాలో చెప్తానని వచ్చినవాళ్ళుంటే నిరుత్సాహపడతారు. పార్టీల గురించి నాకంటే మీకే బాగా తెలుసు, పొద్దున లేస్తే మీ ఫోన్లలో వాళ్ళే ఉంటారు. నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. మన భూమి మన చేతిలోంచి జారిపోయిన చోట బయటివాడి బలం ఒక్కటే పనిచెయ్యలేదు. లోపలివాడి సంతకం కూడా కావలసి వచ్చింది. ఇది బైబిలులో ఉంది, మన మన్యంలోనూ ఉంది.

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం. యెజ్రెయేలులో నాబోతు అనే ఆయనకు ఒక ద్రాక్షతోట ఉంది. అది అహాబు రాజు నగరు పక్కనే ఉంది. అక్కడ కూరతోట వేసుకోవాలని రాజుకు ఆశ పుట్టింది. అడిగిన తీరు చూడండి, అందులో దౌర్జన్యం ఏమీ లేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదంటే రొక్కం ఇస్తాను అన్నాడు. ఇవాళ్టి భాషలో భూమికి భూమి, లేదా నష్టపరిహారం. పోలవరం ముంపు మండలాల్లో పెరిగిన పిల్లలు ఈ రెండు మాటలూ వింటూనే పెద్దవాళ్ళయ్యారు. నాబోతు కుదరదన్నాడు. ధర చాలక కాదు. అది పితరుల స్వాస్థ్యం, ఇచ్చెయ్యడానికి తనకు చెల్లదు అన్నాడు. ఆ మాట వెనక లేవీయకాండం 25వ అధ్యాయం ఉంది. భూమి దేవునిది, మనుషులు దాని మీద కాపురం ఉండేవాళ్ళు, శాశ్వతంగా అమ్మకూడదు, అక్కరకొద్దీ అమ్ముకున్నా 50వ ఏట, సునాద సంవత్సరంలో, తిరిగి ఆ ఇంటికే చేరాలి. మన గూడేల్లో లేవీయకాండం ఎన్నడూ వినని ముసలివాళ్ళు కూడా ఇదే మాట అంటారు. కొండ మనది కాదు, మనం కొండవాళ్ళం అంటారు.

ఇంతవరకు సండే స్కూల్లో చెప్తారు. ఆ తర్వాత యెజెబెలు చెడ్డదని, ఏలీయా వచ్చి రాజును గద్దించాడని చెప్పి ముగిస్తారు. నడుమ కొన్ని వచనాలు గబగబా దాటేస్తారు. నాకు అవే ముఖ్యం. యెజెబెలు సైన్యాన్ని పంపలేదు. రాజు పేరుతో ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి, నాబోతు ఊరి పెద్దలకే పంపింది. ఉపవాసం చాటించండి, నాబోతును జనం ఎదుట కూర్చోబెట్టండి, ఇద్దరు పనికిమాలినవాళ్ళ చేత ఇతను దేవుణ్ణీ రాజునూ దూషించాడని చెప్పించండి, బయటికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టండి అంది. పెద్దలు ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. ఒక్కడైనా ఇదేమిటని అడిగినట్టు ఆ అధ్యాయంలో లేదు.

సభ పేరు ఉపవాసం, అంటే భక్తి కార్యక్రమం. నేరాలు రెండు, దైవదూషణ, రాజద్రోహం. తోట సంగతి మాత్రం ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. దేవుడి పేరు మీద, దేశం పేరు మీద ఊళ్ళో గొడవ లేచినప్పుడల్లా నేను ఒకటి చూసుకుంటాను, ఆ చుట్టుపక్కల తోట ఏదైనా ఉందా అని.

ఇప్పుడు మన్యానికి వద్దాం. 1879లో రంప ఎందుకు తిరగబడింది? తాటిచెట్టు మీద చిగురుపన్ను ఒకటి. మైదానం నుంచి వచ్చిన వర్తకులు ఇంకొకటి. అప్పులిచ్చి, కింది కోర్టుల్లో దావాలు వేసి, కొండ దిగి రాలేని మనవాళ్ళ మీద ఏకపక్ష డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోయారు. మన్యం మళ్ళీ మళ్ళీ లేచింది కాబట్టే 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. 1959లో ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. దాన్నే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. ఏజెన్సీలో భూమిని గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదలాయించరాదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని చూపించుకోవలసిన బాధ్యత అతనిదే. ఇంత గట్టి చట్టం ఉండగా పొలాలు ఎలా పోయాయి? మీ ఊళ్ళోనే చూడండి. పట్టా మనవాడి పేరు మీద, పంట షావుకారుది. వేలిముద్ర మనది. బినామీ అనే మాట ఎక్కడిదో గాని, పని మాత్రం మన గూడేల్లో బాగా ఎరిగినదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల, గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వన్ ఆఫ్ సెవెంటీలో వ్యక్తి అన్న మాటకు ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదు అంది. అంటే అహాబుకైనా ఆ తోట చెల్లదని అర్థం. దేశమంతా ఆదివాసులు సమత తీర్పు అని చెప్పుకునేది మన కొండల్లో పుట్టింది.

చరిత్రలో చర్చి ఎటు నిలబడింది అని మీరు అడగాలి. సూటిగా చెప్తాను, రెండు వైపులా నిలబడింది. దుమ్ముగూడెంలో కోయల మధ్య సువార్త పని మొదలవడానికి కారకుడు గోదావరి పనుల మీద వచ్చిన హెయిగ్ అనే తెల్ల ఇంజనీరు. సువార్త, సర్కారు ఒకే దారిన వచ్చాయి. దాన్ని దాచుకోనక్కర్లేదు. బిర్సా ముండా చిన్నతనంలో బాప్తిస్మం పొంది జర్మన్ మిషన్ బడిలో చదివినవాడే. ముండా సర్దార్లు భూమి కోసం పోరాడుతుంటే మిషనరీలు వాళ్ళను తప్పుబట్టారు. మిషను దొర, సర్కారు దొర ఒకటేనని తేల్చుకుని అతను బయటికొచ్చేశాడు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయేనాటికి అతనికి 25 ఏళ్ళు కూడా నిండలేదు. మీ వయసువాడు. ఆ తర్వాత 1908లో ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ముండాల భూమి పద్ధతుల్ని ఓపిగ్గా రాసిపెట్టి, ఆ చట్టంలోకి ఎక్కేలా చూసినవారిలో హాఫ్‌మన్ అనే జెసూట్ పాదిరి ఉన్నాడు. ఒక పాదిరి బిర్సాను పోగొట్టుకున్నాడు, ఇంకో పాదిరి బిర్సా అడిగినదాన్ని కాగితం మీద పెట్టడానికి సాయపడ్డాడు. క్రైస్తవులమని గొప్పలు పోవడానికి గాని, సిగ్గుతో తలదించుకోవడానికి గాని ఇందులో ఏమీ లేదు. ఎవరు ఏ పని చేశారన్నదే చూడాలి.

అదే నేల నుంచి జైపాల్ సింగ్ ముండా వచ్చాడు. మిషన్ బడి పిల్లవాడు, ఆక్స్‌ఫర్డులో చదివాడు, 1928 ఒలింపిక్సులో మన హాకీ జట్టు కెప్టెను. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో నిలబడి, మాకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, మా దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయన ప్రార్థనకు వెళ్ళేవాళ్ళ తరఫున మాట్లాడలేదు. ఆదివాసులందరి తరఫునా మాట్లాడాడు.

ఇటీవలికి వస్తే, ఝార్ఖండ్‌లో 2016లో ఆ పాత భూమి చట్టాన్నే సవరించబోయారు. సర్నా వాళ్ళు, చర్చి వాళ్ళు అందరూ వీధికెక్కారు. అప్పటి గవర్నరు, ఇప్పటి రాష్ట్రపతి, ద్రౌపది ముర్ము గారు బిల్లును వెనక్కి పంపారు. 2017 ఆగస్టులో ప్రభుత్వం సవరణను ఉపసంహరించుకుంది. అదే నెలలో అదే అసెంబ్లీ మతమార్పిడుల మీద చట్టం చేసింది. ఈ రెండూ కావాలనే కలిపి చేశారని నేననను. కానీ భూమి దగ్గర ఒక్కటైన జనం మతం దగ్గర రెండయ్యారు, అది కళ్ళెదుట జరిగింది. జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ విచారణ ఖైదీల కోసం ఆ రాష్ట్రంలో పనిచేసిన స్టాన్ స్వామి పాదిరిని 2020 అక్టోబరులో ఉగ్రవాద నిరోధక చట్టం కింద అరెస్టు చేశారు. వయసు 83, పార్కిన్సన్స్ జబ్బు. 2021 జులై 5న, విచారణ మొదలవకుండానే, బెయిలు రాకుండానే కన్నుమూశారు.

ఇక మన గూడేల్లో ఇప్పుడు తిరుగుతున్న మాట, డీలిస్టింగు. మతం మారిన గిరిజనుణ్ణి ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలన్నది. ఇది నిన్న పుట్టింది కాదు. 1960ల్లోనే ఛోటానాగపూర్ నాయకుడు కార్తిక్ ఉరావ్ దీన్ని ఎత్తాడు, ఆయన కూడా ఆదివాసే. చదువు, ఉద్యోగం మిషన్ బడుల పిల్లలకే ఎక్కువ పోతున్నాయని ఆయన బాధ. ఆ బాధను ఎగతాళి చెయ్యకండి, కొన్ని ఊళ్ళల్లో అది నిజం. కానీ మందు మాత్రం రోగం కంటే చెడ్డది. ఎందుకో చెప్తాను.

ఎస్సీ జాబితా ఉత్తర్వులో మతం షరతు ఉంది, మన ఎస్టీ ఉత్తర్వులో లేదు. మతం మారినంత మాత్రాన గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోడని, తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగ అతన్ని తనవాడిగా చూస్తోందా అన్నది చూడాలని 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిబంధన మార్చారనుకోండి. ఒక ఇంట్లో అన్న ప్రార్థనకు వెళ్తాడు, తమ్ముడు భూమి పండుగ చేస్తాడు. మర్నాటి నుంచి అన్న చట్టం లెక్కలో గిరిజనేతరుడు. తమ్ముడు తన ఎకరం అన్నకు అమ్మలేడు, రాసివ్వలేడు, కౌలుకు కూడా ఇవ్వలేడు. వన్ ఆఫ్ సెవెంటీ, మనల్ని కాపాడిన చట్టమే, ఒకే కడుపున పుట్టినవాళ్ళ మధ్య గోడ అవుతుంది. జనాభా లెక్కలో మన సంఖ్య తగ్గుతుంది, ఆ లెక్క మీదే మన రిజర్వు సీట్లు ఉంటాయి. లాభం ఎవరికి? ఖచ్చితంగా తమ్ముడికి మాత్రం కాదు.

క్రైస్తవ యువతకు ఇక్కడ ఒక మాట, కొంచెం గట్టిగానే చెప్తాను. తెగ ఆచారం అన్నది కోర్టులోనే ముఖ్యమైతే సరిపోదు. ధింసా ఆడితే, కొమ్ముల తలపాగా పెట్టుకుంటే, డోలు పట్టుకుంటే పాపం అని కొందరు బోధకులు చెప్తున్నారు. మైదానం పాటలకు కీబోర్డు వాయిస్తే పరిశుద్ధం, మన డోలు అపవిత్రమా? ఊరి పెళ్ళికి వెళ్ళని, ఊరి చావుకు కట్టె మొయ్యని క్రైస్తవుడు డీలిస్టింగు అడిగేవాళ్ళకు వాళ్ళు అడక్కుండానే సాక్ష్యం ఇస్తున్నాడు. నియమగిరి చూడండి, మన సరిహద్దు అవతలే. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయం గ్రామసభలకు వదిలితే, 12 గ్రామసభలు జరిగాయి, 12కు 12 బాక్సైట్ వద్దన్నాయి. డోంగ్రియా కొంధులు తమ నియమరాజు కొండ అని సాక్ష్యం చెప్పారు. వాళ్ళ దేవుడు నా దేవుడు కాదు. కానీ వాళ్ళు గెలిచిన ఆ తీర్పు పట్టుకునే రేపు చర్చి ఉన్న గూడెం కూడా కోర్టులో నిలబడాలి. నేను దానికి దేవునికి స్తోత్రం చెప్తాను.

ఉద్యోగాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న మూడో నంబరు జీవో 2000 జనవరిలో వచ్చింది, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్ళు దాన్ని నమ్ముకుని బీఈడీ చదివినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. జీవో మీద కట్టిన ఇల్లు అంతే. చట్టంగా ఏం అడగాలో మనమే రాసుకుని అడగాలి, ప్రతి ఎన్నికకూ హామీ వింటూ కూర్చుంటే రాదు.

చివరిగా గ్రామసభ. నాబోతు ఊరి పెద్దల కుర్చీలో ఇవాళ కూర్చున్నది మీరే. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ పీసా చట్టం కింద సభ్యులే. అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. లేకపోతే ఆ సభ చెల్లదు. చెల్లెళ్ళారా, మీరు వంటింట్లో ఉండిపోతే సభ నడవదు. ఎవరూ లేని సభకు సంతకాలు ఇంటింటికీ తిరిగి వస్తే పెట్టకండి. తీర్మానం చదివి వినిపించమనండి, తెలుగులోనూ మన భాషలోనూ. ఖాళీ పేజీ కింద వేలిముద్ర వెయ్యొద్దని అమ్మమ్మకు చెప్పండి. తీర్మానం రాసిన పేజీని ఫోన్లో ఫోటో తీసుకోండి, ఆ ఫోన్ దానికైనా పనికొస్తుంది. పాస్టరు గారి ఇంట్లో ఒక నకలు, వడ్డె ఇంట్లో ఒక నకలు ఉంచండి.

భోజనాలయ్యాక నేను వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. వన్ ఆఫ్ సెవెంటీ తెలుగు ప్రతులు కొన్ని తెచ్చాను. మీ ఊరి పట్టాలు, తీర్మానాల ఫోటోలు ఉన్నవాళ్ళు పట్టుకుని రండి, కలిసి చదువుదాం.