మందు తెచ్చే తలనొప్పి

పక్షవాతము ఒకసారి వచ్చి కోలుకొన్నవారికి, అది మళ్ళీ రాకుండ వైద్యులు ప్రతిదినము వాడవలసిన మాత్రలు ఇస్తారు. బాధ ఉన్నప్పుడు మందు మింగడము సులభము. బాధ లేనప్పుడు కష్టము. ఇక మందే బాధ తెచ్చిపెడితే? ఫిలిప్పీన్స్ దేశపు రోగుల విషయములో ఈ ప్రశ్నను మనము పరిశీలిద్దాము.

ఆ దేశములో మరణకారణములలో పక్షవాతము ముందు వరుసలో ఉన్నది. తూర్పు, ఆగ్నేయ ఆసియా ప్రజలలో మెదడు లోపలి ధమనులు సన్నబడడము, మెదడులో రక్తస్రావము కలగడము పాశ్చాత్యులలో కంటె ఎక్కువ. అందుచేత రక్తము గడ్డకట్టకుండ చూస్తూనే, రక్తస్రావమునకు అంతగా దారితీయని మందు అక్కడ అవసరము. 1988లో జపానులో వాడుకలోకి వచ్చిన సిలోస్టజాల్‌పై వైద్యులు అట్టి ఆశ పెట్టుకొన్నారు. 2010లో వెలువడిన జపాను పరిశోధనలో 2,757 మంది రోగులు పాల్గొన్నారు; ఆస్పిరిన్ వాడినవారి కంటె ఈ మందు వాడినవారిలో రక్తస్రావము తక్కువగా కనిపించినది. దక్షిణ కొరియా, హాంకాంగులతోపాటు ఫిలిప్పీన్స్ రోగులు కూడ పాల్గొన్న మరొక పరిశోధన 2018లో వెలువడినది. పక్షవాతము, గుండెపోటు వంటి ఆపదలను నివారించడములో ఈ మందు ఆస్పిరిన్‌కు తీసిపోదని అందులో తేలినది. కాని రెండు పరిశోధనలలోను తలనొప్పి సిలోస్టజాల్ వాడినవారికే ఎక్కువగా వచ్చినది.

కారణము సులభముగానే బోధపడుతుంది. ఈ మందు రక్తములోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొనకుండ చేస్తుంది. రక్తనాళముల గోడలను సడలించి వాటిని వెడల్పు కూడ చేస్తుంది. తలలోని నాళములు వెడల్పైనప్పుడు కణతలు అదిరినట్లు నొప్పి పుడుతుంది. డైపిరిడమోల్ అనే మందు తెచ్చే తలనొప్పి కూడ ఇట్టిదే.

ఈ నొప్పి సాధారణముగా మొదటి దినములలో వచ్చి, దేహము అలవాటు పడినకొద్దీ తగ్గుతుంది. అందుకే పలువురు వైద్యులు పూటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తరువాత 100 మిల్లీగ్రాములకు పెంచుతారు. అయితే ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, పక్షవాతమే తిరిగి వస్తున్నదని రోగి భయపడతాడు; ఎవరితోను చెప్పక మాత్రలు మానుతాడు. మందుల ఖర్చులో పెద్దభాగము కుటుంబమే భరించే ఆ దేశములో, తలనొప్పి తెచ్చే మాత్రకు డబ్బు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? కాని మాత్ర మానిన దినమునుండి రక్షణ కూడ పోతుంది. మందుచీటీ వ్రాసేటప్పుడు వైద్యుడు చెప్పే రెండు మాటలు ఈ ప్రమాదమును చాలవరకు తప్పించగలవు.

ఈ మందు మన దేశములోను వాడుకలో ఉన్నది గనుక ఒక హెచ్చరిక. తలనొప్పి వచ్చినదని మాత్రను స్వయముగా మానరాదు; వైద్యునికి చెప్పి మోతాదు మార్పించుకొనవలెను, లేదా వేరు మందు అడగవలెను. కాని హఠాత్తుగా భరింపరాని తలపోటు వచ్చినా, మూతి వంకర పోయినా, కాలుసేయి పట్టు తప్పినా, మాట తడబడినా అది మందు ప్రభావమని ఊరుకొనరాదు. ఆ క్షణముననే ఆసుపత్రికి చేరవలెను.