అతుకని యెముక
(జహీరాబాదు వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యనుగూర్చియో, వసతిగృహమునుగూర్చియో నేను మాటాడుదునని కార్యదర్శిగారు తలచియుందురు. నేడు మన యిండ్లలోని ముసలితల్లుల చేతులనుగూర్చి చెప్ప ననుజ్ఞ వేడుచున్నాను.

మా మేనత్త డెబ్బదియేండ్ల వయస్సున వాకిట కల్లాపి చల్లుచు కాలుజారి పడెను. కుడి దండచేయి విరిగెను. ఊరిలోనే కట్టు కట్టించిరి. ఐదు మాసములు గడచెను. నొప్పి తగ్గినది గాని, భుజమునకును మోచేతికిని నడుమ, కీలు లేని చోట, చేయి వంగుచుండెను. ఆమె దానిని కొంగుచాటున దాచుకొని యెడమచేత అన్నము తినుచుండెను. నేనడుగగా మా బావ, "ఈ వయస్సున ఆపరేషన్ ఏల? రొట్టెలు కోడలు చేయుచున్నది గదా" యనెను. కొడుకు చేయి విరిగిననాడే హైదరాబాదునకు కారు మాటాడుదుము. తల్లి చేయి విరిగినచో కోతలు కానిమ్మందుము.

ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరితముగా గుల్లబారును. నిలుచున్న చోటనుండి పడినంతమాత్రముననే విరుగును. మణికట్టు విరిగినచో వంకరగానైనను తరచుగా అతుకును. దండచేయి యెముకయు చాలమందికి కత్తి తగులకయే అతుకును. 1977లో అమెరికాలోని సార్మియెంటో యను శస్త్రవైద్యుడు, చేతికి తొడుగు వేసి, మోచేయి కదలుచుండగనే అతికించు పద్ధతిని ప్రకటించెను. కాని విరిగిన కొనల నడుమ కండ చిక్కినను, ఎడము మిగిలినను, మధుమేహమున్నను, బీడీ జర్దాల యలవాటున్నను అతుకు పడకపోవచ్చును. ఆరు మాసములకును అతుకనిది ఇక తనంత తాను అతుకుననుట దురాశయే.

పుత్తూరు కట్టు పేరెరుగనివారు తెలుగునాట అరుదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టు ఆ విద్యను నేను తృణీకరింపను. అయితే ఎవరు కట్టినను, వ్రేళ్లు నల్లబడినచో ఆ క్షణమే కట్టు విప్పింపుడు. మణికట్టు పైకెత్తలేకున్నచో నరము దెబ్బతిన్నదని యెరిగి ఆసుపత్రికి కొనిపొండు. మూడు మాసములకును ఎక్సురే తీయింపక మరియొక కట్టు కట్టించుట మాత్రము కూడదు.

మేనత్తను తుదకు రాజధానికి కొనిపోతిమి. గుల్ల యెముకలో సామాన్యమైన మరలు పట్టు విడుచును గనుక, ప్లేటులోనికే బిగియు మరలతో కొనలను కూర్చి, తుంటి పైయెముకనుండి తీసిన యెముకపొడిని నడుమ నింపిరి. నాలుగు మాసములకు అతుకు పడెను. చేయి భుజముకంటె పైకి లేవదు. అయినను తన తల తానే దువ్వుకొనుచున్నది. మాతో కూర్చుండి కుడిచేతనే తినుచున్నది.

చేయి అతికినంతనే పని ముగియలేదని వైద్యులు చెప్పిరి. ఒకసారి ఇట్లు విరిగినవారికి తుంటి విరుగు భయము హెచ్చు. కావున ఎముకల సాంద్రతను కొలిపించి, వారమున కొకటి చొప్పున మాత్రలు నియమించిరి. తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనయందు పట్టణవాసులలోనేగాక పల్లెవాసులలోను డి విటమిను కొరత కానవచ్చెను. ఎండ కాయు దేశమున ఈ కొరతయా యని నేనును మొదట నమ్మలేదు. మన జొన్నరొట్టె బలమైనదే. కాని జాతీయ పోషకాహార సంస్థవారి 2017 నాటి పట్టికలను చూడగా, నూరు గ్రాముల జొన్నలలో కాల్షియము ముప్పది మిల్లీగ్రాములైనను లేదు, తైదలలో మూడువందల యేబదికి మించియున్నది. తైదంబలిని పేదల కూడని మానితిమి. మేనత్త మరల మొదలిడినది.

సంఘనిధినుండి, విరిగిన చేయి మూడు మాసములకును అతుకని వృద్ధస్త్రీలకు ఎక్సురే వ్యయమును, హైదరాబాదు ప్రయాణవ్యయమును ఒసగవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాను. నా వంతు సొమ్మును కోశాధికారిగారికి ఉదయముననే యిచ్చితిని. స్త్రీల పేర్లు వ్రాసికొనుటకు మా కోడలు ద్వారముకడ పుస్తకముతో కూర్చున్నది.